కారెక్కడ పెట్టానబ్బా!

అమెరికాలో ఉత్తరాన, చలికి పేరుపడ్డ మా డులూత్‌లో ఓర్విల్ నీమీ గారిని ఎరగనివాళ్ళు లేరు. ఏదో ఒకరోజు ఆయన మన దగ్గరికొచ్చి, ఉన్ని టోపీ పైకెత్తి, బుర్ర గోక్కుంటూ, "అబ్బాయ్, నా కారు గానీ చూశావా?" అని అడిగి తీరతారు. కారెక్కడ పెట్టారో మర్చిపోవడం ఆయన ప్రత్యేకత. కొందరికి పాట వస్తుంది, కొందరికి చదరంగం వస్తుంది, ఈయనకిది వచ్చింది.

ఒక్క కారైతే ఎవరైనా సర్దుకుపోతారు. ఆయనకి తొమ్మిది కార్లు. నలభై ఏళ్ళు పాత కార్లు అమ్మి, దుకాణం మూసేసేనాటికి ఎవరూ కొనకుండా మిగిలినవి అవి. రంగుకొకటి. వాటిని కన్నబిడ్డల్లా తుడుస్తారు, తోముతారు, ఊళ్ళో ఎక్కడో వదిలేసి నడుచుకుంటూ ఇంటికి పోతారు.

ఓసారి పోలీసులు ఫోన్ చేశారట.

"అయ్యా, మీ కారు దొరికింది. టాకోల హోటల్ ముందు మూడు రోజులుగా ఉంది."

"ఏ కారు?"

"ఎర్రది."

"అరె, ఎర్రది పోయిందని నాకే తెలీదే!"

ఇంకోసారి చర్చిలో విందుకి కారులో వెళ్ళి, ఎవరి బండిలోనో ఇంటికొచ్చారు. మర్నాడు ఆ కారు తెచ్చుకోడానికి ఇంకో కారులో వెళ్ళారు. మొదటిది నడుపుకుంటూ వచ్చేశారు. రెండోది అక్కడే ఉండిపోయింది. దాన్ని తేవడానికి మళ్ళీ బయల్దేరబోతుంటే పాస్టరుగారే ఎదురొచ్చి దణ్ణం పెట్టి ఆపారు.

ఇక నా సంగతి. నా పేరు డ్వైట్. నేనూ ఈ ఊరివాణ్ణే. షికాగోలో ఆరేళ్ళు వంట నేర్చుకుని, పొగరు కాస్త తలకెక్కి తిరిగొచ్చాను. నా చిన్నప్పుడు మా ఊళ్ళో బయట తినడమంటే శుక్రవారం క్లబ్బులో వేయించిన చేప, అంతే. దానికైనా మా నాన్న ముందు బండి నెమ్మది చేసి చూసేవాడు. బయట నాలుగు కార్లు లేకపోతే, "ఏదో తేడాగా ఉంది, పదండి" అని ఇంటికి తిప్పేసేవాడు. ఇప్పుడు అలా కాదు. వీధికి నాలుగు కొత్త హోటళ్ళు. మా వీధిలో ఒకటి నేను పెట్టిందే. ఆ మధ్య పెద్ద పత్రికవాళ్ళొచ్చి మా ఊరి తిండి మీద రెండు పేజీలు రాశారు. నా పేరు రెండుచోట్ల వేశారు. ఒకచోట తప్పుగా వేశారు. రెండూ కత్తిరించి గోడకి పెట్టాను.

నా గొప్ప వంటకం హాట్‌డిష్. మా ఇళ్ళల్లో అయితే మాంసం, బంగాళదుంపలు, పుట్టగొడుగుల సూపు అన్నీ ఒకే గిన్నెలో వేసి ఓవెన్లో పెట్టేస్తారు. నేను దాన్ని విడదీశాను. మాంసం ఓ మూల, దుంప ఓ మూల, మధ్యలో సూపు చుక్కలు. మా మావిస్ పెద్దమ్మ ఆ పళ్ళెం చూసి జాలిపడింది.

"కలపడానికి తీరిక లేకపోయిందా నాన్నా?"

మిగతావాళ్ళు మాత్రం తిని, కాసేపు ఆలోచించి, "కొత్తగా ఉంది" అనేవారు. పొంగిపోయాను. 'ఊరంతా అంటున్న మాట: కొత్తగా ఉంది!' అని బోర్డు కూడా రాయించాను. మా ఊళ్ళో వంట బాగాలేదని మొహం మీద చెప్పే మనిషి పుట్టలేదనీ, మరీ ఘోరంగా ఉంటే అనే మాట అదేననీ పుట్టి పెరిగిన నాకే గుర్తు రాలేదు. షికాగో అంత పని చేసింది.

మా అక్క జోడీకి గుర్తుంది. ఆవిడ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం మానుకుని నాతో చేరింది. చేరిన రోజే తేల్చి చెప్పేసింది.

"మార్చి నెలాఖరు దాకా చూస్తాన్రా. అప్పటికి కుర్చీలు నిండకపోతే తలుపు మూసేద్దాం. నా ఉద్యోగానికి నేను పోతా. నువ్వు షికాగో పోయి ఎవడి వంటింట్లోనో ఉల్లిపాయలు తరుగు."

సరిగ్గా అప్పుడే ఓర్విల్ గారి ఆకుపచ్చ కారు మా గుమ్మం ముందు వెలిసింది. ఉన్నదే చిన్న స్థలం, ఆరు కార్లు పడితే ఎక్కువ. అందులో కిటికీ ఎదురుగా మంచి చోటు చూసి మరీ పెట్టారు.

"ఓర్విల్ గారూ, మీ కారు ఇక్కడుంది!"

"దొరికిందా! నీ నోట్లో చక్కెర పొయ్య! ఎక్కడ పెట్టానబ్బా అని చచ్చేలా వెతుకుతున్నా."

"తీసుకెళ్ళండి మరి."

జేబులు తడుముకున్నారు. "తాళం ఇంట్లో మర్చిపోయా."

మర్నాడు తాళం తెచ్చుకోడానికని వెళ్ళినాయన మెరూన్ రంగు బండిలో వచ్చారు. దాన్ని పక్కనే పెట్టి, ఆకుపచ్చదాని మీద మంచు దులిపి, రెండింటి వంకా తృప్తిగా చూసుకుని నడుచుకుంటూ పోయారు. ఇలా నెలా నెలన్నర. రోజూ సాయంత్రం రావడం, దులపడం, తాళం మర్చిపోవడం. ఒక్కరోజూ లోపలికొచ్చి మా పళ్ళెం ముట్టిన పాపాన పోలేదు.

క్రిస్మస్ ముందు పెద్ద మంచు తుపాను వచ్చి రెండ్రోజులు మూశాం. తెరిచేసరికి, మంచు తోసే బండివాడు ఆవరణలో మంచంతా ఓ మూలకి నెట్టి కొండ చేసి పోయాడు. నాకు కొండ భలే నచ్చింది. దాని నెత్తిన నా 'కొత్తగా ఉంది' బోర్డు గుచ్చి, చుట్టూ దీపాలు చుట్టాను.

తర్వాత జనం కాస్త పెరిగారు. కిక్కిరిసి కాదు గానీ, పరవాలేదు. ఇదంతా నా చేతి మహిమే అనుకున్నాను. ఇంకెవరి చేతిదనుకుంటాను? అసలు గిరాకీ ఓర్విల్ గారి కార్ల వల్ల చోటు లేక వెనక్కి పోతోందని అనుమానం పట్టుకుంది. జనవరిలో ఓ సాయంత్రం ఆయన్ని పట్టుకున్నాను.

"ఓర్విల్ గారూ, ఇది హోటలండీ, మీ షెడ్డు కాదు. తినడానికొచ్చేవాళ్ళు కార్లెక్కడ పెట్టుకోవాలి? నా నెత్తిన పెట్టుకోవాలా?"

ఆయన నావంక ఓ క్షణం చూశారు. టోపీ పైకెత్తారు గానీ, బుర్ర గోక్కోలేదు.

"నిజమే అబ్బాయ్. బుద్ధి తక్కువైంది. తీసేస్తాలే."

ఆ రోజు మాత్రం తాళం మర్చిపోలేదు. అది చూసైనా నాకు అనుమానం రావాలి. రాలేదు. ఆవరణంతా ఊడ్పించి, ఖాళీ చోటు చూసుకుని మురిసిపోయాను.

ఆ వారం ఒక్కడూ రాలేదు. కార్లు వచ్చేవి, మా ముందు నెమ్మదయ్యేవి, లోపలి తలకాయలు ఇటు తిరిగేవి, అటు తిరిగేవి, బండి సాగిపోయేది. ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టే చలిలో ఎవడు దిగి కిటికీలోంచి తొంగిచూస్తాడు? నేను తప్పంతా వంటలో వెతికాను. సూపు చుక్కలు పెంచాను. తగ్గించాను. ఓరోజు నీలం పువ్వు పెట్టాను. మంగళవారాలైతే మరీ ఘోరం. నేనూ అక్కా ఎదురుబొదురు కూచుని మా వంట మేమే తినేవాళ్ళం.

"ఎలా ఉందక్కా?"

"కొత్తగా ఉందిరా" అంది అక్క. అప్పుడు గానీ ఆ మాటకి అర్థం గుర్తు రాలేదు.

ఓ మంగళవారం అక్క కిటికీ దగ్గర నిలబడి పిలిచింది. "ఒరేయ్, ఇటు రా. చప్పుడు చెయ్యకు."

ఎదురుగా మై యాంగ్ అనే ఆవిడ కొత్తగా నూడుల్స్ సూపు హోటల్ పెట్టింది. వాళ్ళ ముందు ఓర్విల్ గారి ఆకుపచ్చ కారు. ఆయన దాని మంచు దులుపుతున్నారు. దులిపి, అటూ ఇటూ చూసి, జేబులోంచి తాళం తీశారు. కారెక్కి, మూడో చోటునుంచి వీధిలోకి బాగా కనబడే మొదటి చోటికి జరిపారు. దిగి, నాలుగడుగులు వెనక్కేసి, పెళ్ళిపందిరి చూసుకున్నట్టు చూసుకున్నారు. అంతలో వీధిలో ఓ కారు నెమ్మదైంది. ఆగింది. ఆకుపచ్చదాని పక్కనే వచ్చి నిలబడింది. అందులోంచి నలుగురు దిగి లోపలికెళ్ళారు.

నేను కిటికీ అద్దం చేత్తో తుడిచి మళ్ళీ చూశాను.

"మొద్దు సన్నాసీ," అంది అక్క మెల్లిగా, "నాన్న ఏం చేసేవాడో గుర్తుందా?"

ఏప్రన్‌తోనే రోడ్డు దాటి పరిగెత్తాను.

"ఓర్విల్ గారూ!"

ఆయన ఉలిక్కిపడి వెంటనే టోపీ ఎత్తి బుర్ర గోక్కున్నారు. "అబ్బాయ్, నా కారు గానీ..."

"మీ చెయ్యి దానిమీదే ఉంది."

"ఓ... ఇదా!"

"తాళం మీ రెండో చేతిలో ఉంది. ఇన్నాళ్ళూ ఆ మర్చిపోవడమంతా నాటకమా?"

"అరవకురా! మై వింటుంది." నన్ను కారు చాటుకి లాగారు. "నలభై ఏళ్ళు కార్లమ్మాను. ఖాళీగా కనబడే చోట ఈ ఊరివాడు బండి దిగడు. నాలుగుంటే అయిదోవాడు దిగుతాడు. నాకు తెలిసింది అదొక్కటే."

"చెప్పొచ్చు కదండీ!"

"చెప్తే ఒప్పుకుంటారా? వండేవాళ్ళకి రోషమెక్కువ. అందులోనూ నీకు! మర్చిపోయానంటే ఎవరూ కాదనరు. ముసలాడు పాపం అనుకుంటారు."

"మరి రోజూ ఆ దులపడమెందుకు?"

"మంచు పేరుకున్న కారు చూస్తే జనం భయపడతారు. దులిపిన కారైతే, లోపల ఎవరో సుఖంగా తింటున్నారనుకుంటారు."

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ చలిలో అదే నయం. రోషమంతా మింగేసి అడిగాను, "మళ్ళీ మా దగ్గర పెడతారా?"

ఆయన వేళ్ళు మడిచారు. "ఖాళీ లేవబ్బాయ్. మైకి రెండిచ్చా. టాకోలవాళ్ళకి ఎర్రది. రొట్టెల కొట్టుకి తెల్లది. మిగతావి కొండమీది పేటలో హోటళ్ళకిచ్చా. నీలందొకటి ఉండాలి... అదెక్కడ పెట్టానబ్బా?"

"మళ్ళీ మొదలెట్టారా నాటకం?"

"కాదురా, ఇది నిజంగానే!" అన్నారు దిగులుగా. తర్వాత నావంక చూశారు. "అవునూ, నీ కారెక్కడ పెడతావు?"

"వెనకాల, చెత్తడబ్బా పక్కన."

"మీ అక్కది?"

"దాని పక్కన."

"మై బండీ వెనకే ఉంటుంది. టాకోలవాళ్ళదీ అంతే. కార్లన్నీ దాచేసి జనం రావట్లేదని ఏడుస్తారేమర్రా! నీ కారు నీ ముందుంటే అది నీదని ఊరందరికీ తెలుసు. ఎదుటివాళ్ళ ముందు పెట్టు."

ఆ వారం నుంచీ నా కారు మై హోటల్ ముందు, మై వ్యాను మా ముందు, టాకోలవాళ్ళ ట్రక్కు రొట్టెల కొట్టు ముందు. వీధి వీధంతా కారెక్కడ పెట్టామో మర్చిపోవడం నేర్చుకుంది. లోపలికొచ్చినవాళ్ళు మళ్ళీ రావాలి కాబట్టి నేను హాట్‌డిష్‌ని కలిపేశాను. మావిస్ పెద్దమ్మ వచ్చి, తిని, "తీరిక దొరికిందన్నమాట" అంది.

ఓ రాత్రి ఓర్విల్ గారిని బతిమాలి కూచోబెట్టి వడ్డించాను. ఏమంటారోనని పక్కనే నిలబడ్డాను. ఆయన మూడుసార్లు వడ్డించుకుని తిన్నారు. 'కొత్తగా ఉంది' అనలేదు. నాకు కళ్ళు చెమర్చినంత పనైంది.

మార్చి నెలాఖరు వచ్చింది. కుర్చీలు అన్నీ నిండలేదు గానీ, చాలావరకు నిండాయి. అక్క ఏమంటుందా అని నేను గరిటె పట్టుకుని ఎదురుచూస్తున్నాను.

"ఏప్రిల్‌కి ఏం వండుతున్నావో చెప్పి ఏడువు. సరుకు తెప్పించాలి" అంది. అంతే. ఉద్యోగం ఊసు ఎత్తలేదు.

ఏప్రిల్‌లో మంచు కరిగింది. ఓ పొద్దున నా కొండ మీది బోర్డు పక్కకి ఒరిగి, దీపాలతో సహా దభీమని పడింది. అది పడినచోట సన్నటి ఇనప చువ్వ కనబడింది. కారు మీద రేడియో కోసం ఉంటుందే, అది. చేత్తో మంచు తవ్వాను. దానికింద నీలం రంగు కారు. తుపానులో మేం మూసిన రెండ్రోజుల్లో ఆయన తెచ్చి పెట్టినదాన్ని మంచు తోసేవాడు చూడకుండా కప్పేసినట్టున్నాడు.

అంటే నేను ఆయన్ని పొమ్మన్న రోజున కూడా ఓర్విల్ గారి కారొకటి మా గుమ్మం ముందే ఉంది. దాని నెత్తినే నా గొప్ప రాసి గుచ్చి, చలికాలమంతా దీపాలు వెలిగించాను.

కబురు పెడితే పరుగున వచ్చారు. టోపీ తీసి కారుని నిమిరారు. "చెప్పానా! ఎక్కడో జాగ్రత్తగానే పెట్టానని!"

"తీసుకెళ్తారా?" అన్నాను.

జేబులు తడుముకున్నారు. ఈసారి మొహంలో నిజం కంగారు. "అబ్బాయ్... దీని తాళం ఎక్కడ పెట్టానబ్బా?"

లోపల్నించి అక్క కేకేసింది.

"ఆ తాళం దొరికినా దాచెయ్యండి ఓర్విల్ గారూ! ఇవాళ మంగళవారం!"