తన మొహమే చూసుకునే ఉర్దూ సారు

మేముండే డిండోలిలో ఒక ఉర్దూ సారుకే అక్షరాలు దిద్దించిన ఘనుణ్ణి నేను. లాక్‌డౌన్‌లో, అప్పుడే బడిలో చేరిన పక్కింటి పాప మా ఇంటికొచ్చి నా ఫోన్‌లో ఆయన పాఠం వినేది. సారు పిల్లల్ని చూస్తేగా! తెర మీద తన మొహమే చూసుకుంటూ జుట్టు సవరించుకునేవాడు. అక్కడ తన రాత తనకు అద్దంలోలా తిరగబడి కనిపిస్తోందని, మహామేధావి, పలక మీద అక్షరాలన్నీ తిరగేసి రాశాడు. పిల్లలకు అవి తిరగబడే చేరాయి. వారం తిరిగేసరికి పాప నోటుబుక్కంతా తప్పులే. "క్యా సార్, సబ్ ఉల్టా?" అని కడిగేశాను.

నిజానికి నాకు ఉర్దూలో అక్షరం ముక్క రాదు. వాచకంలో అక్షరాలతో పోల్చి చూసి తప్పు పట్టింది పాపే.

ఇది చదివి వినిపిస్తే మా ఆవిడ ఊరుకోలేదు.

"నీ మొగం, నువ్వేం కడిగినవ్? తప్పైందని సారే మాస్కు కట్టుకొని ఇల్లిల్లు తిరిగి పిల్లల బుక్కులు దిద్దిండు. పాప కోసం మనింటికొస్తే, కరోనా అంటుతదని నువ్వు తలుపు సుత తియ్యలె."