గొంగడి బరువు

నలభై తొమ్మిది పాయింట్ ఎనిమిది. ఆ మంగళవారం పొద్దున రిజిస్టర్‌లో నా చేత్తో నేను రాసిన అంకె అది. అంకె తప్పు కాదు. తూకం మిషన్ ఎంత చూపించిందో అంతే రాశాను.

నేను డయాలసిస్ టెక్నీషియన్ని. మాది పాలమూరు వైపు. చదువు, మొదటి ఉద్యోగం హైదరాబాద్‌లో. తెలంగాణ వచ్చాక చిన్న పట్నాల దవాఖానల్లో కూడా డయాలసిస్ గదులు తెరిచారు. నల్లగొండ వైపు అలాంటి ఒక గదికి నన్ను ఇన్‌చార్జిగా వేశారు. ఐదు మిషన్లు, ఐదు కుర్చీలు, గోడకు ఒక ఏసీ. నాకు ఇరవై ఏడేళ్లు. నా కింద పనిచేసే సీనియర్ సిస్టర్‌కు నలభై ఆరు. ఆ గది తెరిచిన రోజు నుంచి ఆమె అక్కడే ఉంది.

చేరే ముందు రెండు రోజుల శిక్షణ ఇచ్చారు, పర్యవేక్షణ ఎలా చేయాలో. చివర్లో పద్నాలుగు అంశాల కాగితం ఒకటి చేతిలో పెట్టారు. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి నా టేబుల్ ఎదురుగా గోడకు అంటించుకున్నాను. ఒక్కో పని అయినకొద్దీ పక్కన టిక్ పెట్టేవాణ్ని. ఐదో అంశం "సిబ్బంది చెప్పేది వినాలి". అన్నిటికంటే సులువుగా కనిపించి దానికి మొదటి రోజే టిక్ పెట్టాను.

మూత్రపిండాలు పాడైన మనిషి తాగిన నీరు ఒంట్లోనే నిలిచిపోతుంది. అదనపు నీరు లేకుండా అతను ఎంత తూగాలో దాన్ని పొడి బరువు అంటాం. వచ్చినప్పటి బరువులోంచి పొడి బరువు తీసేస్తే మిగిలేది ఒంట్లో చేరిన నీరు. మిషన్‌కు ఆ లెక్క చెబితే నాలుగు గంటల్లో అంత నీరూ లాగేస్తుంది. ఎందుకు, ఏమిటి అని అడగదు.

మంగళ, గురు, శనివారాల పొద్దుటి బ్యాచ్‌లో ఒక తాత వచ్చేవాడు. గొర్ల కాపరి. పొడి బరువు నలభై ఆరు కిలోలు. ఎండాకాలమైనా భుజాన నల్ల గొంగడి ఉండాల్సిందే. రక్తం బయటి గొట్టాల్లో తిరిగి వచ్చేసరికి ఒళ్లు చల్లబడుతుంది, పైన ఏసీ. దవాఖాన దుప్పటి ఇస్తే పక్కకు నెట్టి గొంగడే కప్పుకునేవాడు. పక్క కుర్చీలో రిటైరైన పంతులుగారు ఒకాయన ఉండేవారు.

"మేకల మంద లోపలికొచ్చినట్టున్నది," అనేవారు ముక్కు మూసుకొని.

"మేకలు గావు పంతులూ, గొర్లు. నలభై ఏండ్లు సదువు జెప్పినవ్, గా ఫరక్ తెల్వదా?" అనేవాడు తాత.

చేరిన రెండో వారం, శనివారం నాడు, తూకం చూపించే అంకెనూ రిజిస్టర్‌లోని అంకెనూ పోల్చి చూశాను. తాత గొంగడితోనే తూకం ఎక్కాడు. మిషన్ మీద నలభై తొమ్మిదిన్నర. సిస్టర్ రాసింది నలభై ఏడున్నర. వెనక్కి తిరగేస్తే అన్ని పేజీల్లోనూ తాత పేరు పక్కన ఆమె చేతిరాతే. ఎన్నాళ్లుగా ఇలా రాస్తోందో అనుకున్నాను.

అలాంటి మోసం ఒకటి నేను హైదరాబాద్‌లో చూశాను. నీరు ఎక్కువ లాగితే కాళ్లు పట్టేస్తాయి, పేషెంటు కేకలు వేస్తాడు, పరుగెత్తాలి. ఆ బాధ తప్పించుకోవడానికి బరువు తగ్గించి రాసేవాళ్లుంటారు. ఇదీ అదే అని తేల్చేసుకున్నాను. అందరూ కుర్చీల్లో ఉండగానే అడిగాను.

"సిస్టర్, మిషన్ చూపించేది ఒకటి, మీరు రాసేది ఒకటా?"

"అది గాదు సార్, తాతది..."

"కారణాలు తర్వాత. ముందు ఉన్నది ఉన్నట్టు రాయండి. ఈ గదిలో ఇక మీదట మనసులో లెక్కలు వద్దు."

ఆమె నోరు తెరిచింది. పంతులుగారు పేపరు దించి చూస్తున్నారు. ఆమె మూసుకుంది.

"సరే సార్," అంది.

ఆ సాయంత్రమే డ్యూటీ చార్టు మార్చాను. సిస్టర్‌ను నాలుగు, ఐదు మిషన్లకు పంపి, తాత ఉండే ఒకటో మిషన్ నేను తీసుకున్నాను. సరైన పద్ధతి ఎలా ఉంటుందో చేసి చూపించాలనుకున్నాను.

మంగళవారం తూకం మీద నిలబడ్డ తాత భుజాన గొంగడి నాకు కనపడకపోలేదు. చూశాను, ఆలోచించాను కూడా. ఈయన ఎప్పుడూ దానితోనే తూగుతాడు, రికార్డులో గొంగడి మాట ఎక్కడా లేదు, కాబట్టి పొడి బరువు నలభై ఆరు కూడా దానితో కలిపే అయి ఉంటుంది. నా తర్కంలో నాకు పొరపాటు కనిపించలేదు. నలభై తొమ్మిది పాయింట్ ఎనిమిదిలోంచి నలభై ఆరు తీసేశాను. మూడు లీటర్ల ఎనిమిది వందలు.

"తాతా, ఏందిది? మూడు రోజుల్ల ఇన్ని నీళ్లా? చెరువు తాగినవా?"

"పొద్దున ఒక గిలాస, మాపు ఒక గిలాస. గంతే బిడ్డా."

"మిషన్ అబద్ధం చెప్తదా?"

"నేను జెప్తనా మరి?" అన్నాడు తాత. నేను నవ్వి మీట నొక్కాను.

మూడో గంటలో ఆవులించాడు. నేను పక్కనే ఉన్నాను, నీటి ట్యాంకు పరీక్ష అంకెలు రాసుకుంటూ. పొద్దున్నే లేచి బస్సులో వచ్చాడు, నిద్ర వస్తోంది అనుకున్నాను. డయాలసిస్‌లో ఆవులింత అంటే బీపీ పడిపోతున్నట్టని నా పుస్తకంలో ఉంది. ఆ వాక్యం కింద గీత గీసి మరీ చదివాను. రెండోసారి ఆవులించాడు. గది అవతలి చివర ఐదో మిషన్ దగ్గర నుంచి సిస్టర్ వినేసింది.

"సార్, తాత!"

నేను తలెత్తేలోపే ఆమె వచ్చేసింది. తాత నుదుటి మీద చెమట. పెదవులు బూడిద రంగులో ఉన్నాయి. కుర్చీని వెనక్కి వాల్చి తల కిందికి, కాళ్లు పైకి చేసింది. నీరు లాగడం ఆపింది. సెలైన్ తెరిచింది. బీపీ పట్టీ ఉబ్బుతోంది, ఉబ్బుతోంది, అంకె రావడం లేదు. మళ్లీ నొక్కాను. డెబ్బై. కింది అంకె చూపించనే లేదు. మిషన్ ఒక్కసారి కూడా అలారం కొట్టలేదు. ఎందుకు కొడుతుంది, నేను చెప్పిందే కదా చేస్తోంది.

"తాతా, కండ్లు తెరువ్. నా దిక్కు జూడు. గొర్లెన్ని? చెప్పు, గొర్లెన్ని?"

తాత పెదవులు కదిలాయి. మాట రాలేదు. పిక్కలు రాళ్లలా బిగుసుకుపోయాయి, నేను రెండు చేతులతో పట్టుకొని ఒత్తుతున్నాను. పంతులుగారు తన మిషన్‌కు కట్టి ఉన్న చేతినే చూస్తూ ఏదో జపం మొదలుపెట్టారు. ఎనభై రెండు. తొంభై. తొంభై ఆరు.

"అరవై మూడు," అన్నాడు తాత, కళ్లు మూసుకునే. "రెండు ఈనినయ్."

సిస్టర్ అప్పుడు నా వైపు చూడలేదు. కిందికి జారిపోయిన గొంగడి తీసి, మడతపెట్టి, చేతిలో ఒకసారి ఎత్తి చూసి, తాత కాళ్ల మీద కప్పింది. అలా ఎత్తి చూడటంలోనే నాకు అంతా అర్థమైంది.

సంఘటన జరిగితే సూపరింటెండెంట్ గారికి రిపోర్టు ఇవ్వాలి. ఆ మధ్యాహ్నమే రాశాను, మూడు అంశాలు. పేషెంటు బరువు నమోదులో రెండు కిలోల తేడా జరిగింది. గొంగడి బరువు తీసివేసే పద్ధతి గతంలో రాతపూర్వకంగా లేదు. సిబ్బంది వెంటనే స్పందించడంతో ప్రమాదం తప్పింది. సాక్షి సంతకం కోసం సిస్టర్‌కు ఇచ్చాను. ఆమె నిలబడే చదివింది.

"అన్నీ నిజాలే రాసిండ్రు సార్," అంది. "మీరొక్కరే యాడ లేరు."

సంతకం పెట్టి వెళ్లిపోయింది. పెట్టను అని ఉంటే ఆమెతో వాదించేవాణ్ని.

గురువారం తాత రాలేదు. ఒకటో కుర్చీ ఖాళీగా ఉంది. ఎనిమిది, తొమ్మిది, పదిన్నర. ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. రిపోర్టు ఇంకా నా సొరుగులోనే ఉంది. నాకు నీటి కంటే పొటాషియం భయం ఎక్కువ. శుభ్రం కాని రక్తంలో అది చప్పుడు లేకుండా పెరుగుతుంది, ఒక దశ దాటితే గుండె ఆగిపోతుంది. మంగళవారం సగంలో ఆపేశాం. శనివారం కూడా రాకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. తాతకు కూడా చూచాయగా తెలిసే ఉంటుంది. అయినా రాలేదు.

మధ్యాహ్నం సిస్టర్ దగ్గరకు వెళ్లాను.

"తాత ఊరు మీకు తెలుసా?"

"తెలుసు."

"రేపు పొద్దున పోదామా?"

"నేను అడిగితే వస్తడు సార్. కనీ మీ మిషన్ల మల్ల పండుమని నేనెట్ల జెప్పాలె?"

"ఆ శనివారం మీరు ఏం చెప్పబోయారు?" అని అడిగాను.

"ఇప్పుడడుగుతున్నరా?" అంది. తర్వాత చెప్పింది. మొదటి రోజుల్లో ఎంత చెప్పినా తాత గొంగడి తీయలేదట. పదిమందిలో గొంగడి లేకుండా నిలబడితే బట్టలు లేనట్టుంటది అన్నాడట. ఆమె దాన్ని ఒక్కసారి విడిగా తూచింది, రెండు కిలోల చిల్లర. అప్పటి నుంచి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ దాని బరువు తీసేసి రాస్తోంది.

"రాసి పెట్టాల్సింది," అన్నాను. ఆపుకోలేకపోయాను.

"పెట్టాల్సిందే. నా తప్పు నేను ఒప్పుకుంటున్న. గానీ మీరు చెప్పనిస్తిరా సార్?"

శుక్రవారం సెలవు పెట్టాం. ఆమె స్కూటీ ముందు, నా బండి వెనుక. తారు రోడ్డు దిగాక రాళ్ల గుట్టల మధ్య బాట. ఊరి బయట బీడులో గొర్ల దొడ్డి, దాని పక్కన రేకుల కొట్టం. తాత మంచం మీద కూర్చొని ఉన్నాడు. చీలమండలు ఉబ్బి ఉన్నాయి. కోడలు చేతిలోని చాట కింద పెట్టి ఎదురొచ్చింది.

"సంపబోయిండ్రు, సాల్లేదా? మల్ల తోల్కపోనీకి ఇంటి దాంక వచ్చిండ్రా? మంచిగ నడ్సుకుంట పోయిన మామ, పీనుగు లెక్క వచ్చిండు."

"జర కూసోనియ్ బిడ్డా," అంది సిస్టర్.

"నువ్వున్నవని పంపిచ్చినమమ్మా. నువ్వుండంగనే గిట్లయితే?"

సిస్టర్ నా వైపు తిరిగింది. జరిగింది తన నోటితో చెప్పదని నాకు తెలిసిపోయింది. దారంతా నేను ఒక వివరణ తయారు చేసుకున్నాను, అంశాల వారీగా, పొడి బరువు అంటే ఏమిటో మొదలుపెట్టి. అక్కడ నిలబడ్డాక అందులో ఒక్కటీ పనికిరాలేదు.

"తాతా, నీ గొంగడి బరువు కూడ నీళ్లే అనుకున్న. రెండు లీటర్లు ఎక్కువ పెట్టిన. మిషన్‌ది తప్పు లేదు, సిస్టర్‌ది లేదు. ఆమె చెప్పవోతే నేనే నోరు మూయించిన. నువ్వు రెండు గిలాసలే అంటే నమ్మలే. నాది తప్పు."

ఒక గొర్రె దగ్గింది. తాత నన్ను చాలాసేపు చూశాడు.

"అంటే గొంగడిల లేని నీళ్లు నా పానంలకెల్లి గుంజినవన్నట్టు."

"అవ్ తాతా."

"గొర్రెను జోకేటప్పుడు మేం మెడకున్న తాడు గూడ ఇప్పి జోకుతం. తెల్వదా నీకు?"

"తెల్వలే."

"అడగకపోతివి?"

"అడగలే."

తాత కోడలి వైపు చూశాడు. ఆమె ఇంకా కోపంగానే ఉంది. "రేపు ఏ మిషన్ల పండవెడ్తరు?" అని సిస్టర్‌ను అడిగాడు.

"నీదే తాతా. ఒకటోది."

"ఎవలు జూస్తరు?"

ఇద్దరూ నా వైపు చూశారు. డ్యూటీ చార్టు నా చేతిలో ఉన్న పని. "సిస్టర్ చూస్తది," అన్నాను. తాత వస్తాననలేదు, రాననలేదు. చాయ్ పెట్టమని కోడలికి చెప్పాడు. ఆమె పెట్టింది, మాకు గ్లాసులు ఇస్తూ మొహం పక్కకు తిప్పుకుంది.

తిరిగొచ్చి రిపోర్టు మళ్లీ రాశాను. మొదటి అంశం: గొంగడి సంగతి సిస్టర్ చెప్పబోతే వినలేదు, తూచింది నేను, లెక్క వేసింది నేను. సూపరింటెండెంట్ గారు చదివి అద్దాలు తీశారు.

"ఇది నీ ఫైల్లో ఉంటుంది, తెలుసా?"

"తెలుసు సార్."

"ఇంత స్పష్టంగా రాయాలా?"

"మొదట రాసిన దాంట్లో నేను లేను సార్," అన్నాను. ఆయన కాగితం తీసుకున్నారు. దాని ఫలితం ఏమవుతుందో ఆ రోజు నాకు తెలియదు.

ఆ సాయంత్రం రిజిస్టర్‌లో కొత్త గడి గీశాను. సిస్టర్ చెప్పిన రెండు కిలోల చిల్లర ఎంతో, అప్పట్లో ఆమె పెన్సిల్‌తో గీసుకున్న అంకె తాత పాత ఫైల్లో మొదటి కాగితం వెనక దొరికింది. గడిలో ఎర్ర పెన్నుతో రాశాను: గొంగడి, 2.1 కిలోలు, ప్రతిసారీ తీసివేయాలి.

శనివారం పొద్దున ముసురు పట్టింది. ఎనిమిదైంది. ఎనిమిదీ పది. బస్సు వచ్చిన చప్పుడైంది, పంతులుగారు వచ్చారు, మరో ఇద్దరు వచ్చారు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. ఎనిమిదీ ఇరవైకి గేటు దగ్గర ఆటో ఆగింది. ముందు కోడలు దిగింది, తర్వాత గొంగడిని తల మీంచి కొప్పెర వేసుకొని తాత. వాన చుక్కలు ఉన్ని మీద మెరుస్తున్నాయి.

"వచ్చిండు మంద కాపరి," అన్నారు పంతులుగారు. ఈసారి ముక్కు మూసుకోలేదు.

సిస్టర్ రిజిస్టర్ తెరిచి నా ఎర్ర అక్షరాలు చదివింది. మళ్లీ చదివింది. పోయిన శనివారం ఆమె తెరిచి మూసుకున్న నోరు నాకు గుర్తొచ్చింది.

"ఏమన్నా ఉంటే చెప్పండి సిస్టర్."

తాత, కోడలు, పంతులుగారు, అందరూ వింటున్నారు.

"వానకు తడిస్తే?" అంది.

నాకు వెంటనే వెలగలేదు. ఆమె తాత భుజం మీది గొంగడి అంచు పట్టుకొని నా చేతికిచ్చింది. చల్లగా, బరువుగా ఉంది.

"ముసురు పడితే ఒక లెక్క, ఎండకు ఒక లెక్క. నేను చేత్తోని ఎత్తి చూసి తీసేస్తుంటి. గదే మీకు చెప్పవోయిన."

గొంగడిని విడిగా తూచుకోవచ్చా అని తాతను అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, చాటుకు పోయి, గొంగడి తీసి కోడలి చేతికిచ్చాడు. తలుపు వెనక నుంచి, "జల్ది జోకుండ్రి, సలి పెడ్తాంది," అని అరిచాడు. గొంగడి ఒక్కటే తూకం మీద పెట్టాం. రెండు పాయింట్ ఆరు. అది కప్పుకొని తాత ఎక్కాడు. యాభై పాయింట్ నాలుగు. సిస్టర్ తీసివేతలు గట్టిగా చదివింది, నేను రాశాను. లీటరు ఎనిమిది వందలు.

"ఎన్ని తీస్తరు?" అన్నాడు తాత.

"నీ నీళ్లే తాతా. గొంగడి నీళ్లు గొంగడికే," అంది సిస్టర్.

మీట ఆమె నొక్కింది. నాలుగు గంటలూ నేను ఆ కుర్చీ ఎదుట స్టూలు వేసుకొని కూర్చున్నాను. తాత ఒక్కసారి ఆవులించాడు. నేను దిగ్గున లేచాను, ఆమె కూడా వచ్చింది. బీపీ నూట ఇరవై రెండు.

"ఆవులియ్యనీకి గూడ మిమ్మల్ని అడగాల్నా?" అన్నాడు తాత.

ఎర్రగా రాసిన 2.1ను కొట్టేసి, ఏ రోజు తూకం ఆ రోజు రాసుకోవడానికి ఆ గడిలో చోటు వదిలాను. గోడ మీది కాగితంలో ఐదో అంశం పక్కన టిక్‌ను తడిగుడ్డతో తుడిచాను. ప్లాస్టిక్ మీద మరక పూర్తిగా పోలేదు.