వెరెనికి మామ పరామర్శలు

మా దీవిలో ఏ పడవ ఇంజనూ ఎప్పుడూ చెడిపోలేదు. చచ్చిపోయేది, అంతే. వెరెనికి మామ వచ్చి చూసి, టోపీ తీసి గుండెకి ఆనించుకుని, "పోయింది" అనేవాడు. ఇంకోసారి తాడు లాగి చూడు మామా అంటే, పోయినవాళ్ళని కుదపకూడదనేవాడు. సాయంత్రానికల్లా ఆ పోయిన ఇంజనే పగడపు దిబ్బ అవతల నురగ చిమ్ముకుంటూ తిరిగేది. దాన్ని చూసి ఆయన సంతోషించేవాడా అంటే అదీ లేదు. "ఈసారికి లేచింది" అని నిట్టూర్చి, ఒడ్డున చతికిలబడి, మళ్ళీ అది పోయే రోజు కోసం కాచుకున్నట్టు నీళ్ళ వైపు చూసేవాడు.

ఆయన మొహమే అంత. వాన రాబోయే ముందు సముద్రానికి వచ్చే రంగు ఆయన కళ్ళకి ఏడాది పొడుగునా ఉండేది. పెళ్ళిలో ఆయన పక్కన కూర్చున్నవాళ్ళు, పెళ్ళికొడుకు గురించి ఈయనకేదో తెలుసని భయపడి లేచిపోయేవారు. ఇంట్లో పొయ్యి రాజుకోకపోతే పొయ్యి పోయిందనేవాడు. ఒకసారి కునుకు తీస్తున్న మా పాస్టరు గారి భుజం మీద చెయ్యి వేసి టోపీ తీయబోయాడట. పాస్టరు గారు ఉలిక్కిపడి లేచి, తాను బతికే ఉన్నానని ఒట్టేయాల్సి వచ్చింది.

మాలో చావు జరిగిన ఇంటికి చాపా, దంచి నీళ్ళలో పిసికి తాగే యంగోనా వేళ్ళ కట్టా పట్టుకుని పరామర్శకి వెళ్ళడం మర్యాద. మామ ఇంజన్లకీ ఆ మర్యాద తప్పేవాడు కాదు. ఒడ్డున పడవ మొరాయించి, మనిషి తాడు లాగి లాగి భుజం ఊడిపోయేలా ఉంటే, ఈయన ముందు అక్కడికి రాడు. పడవ గలవాడి ఇంటికి వెళ్తాడు. పిడికెడు యంగోనా వేళ్ళు ముందు పెట్టి, చాప అంచున కూర్చుని, ఇంటావిడని మెల్లగా అడుగుతాడు. నిన్న ఎలా ఉంది? ఆఖరిసారి ఎవరు ముట్టుకున్నారు? మీ ఆయన ఇంటికి వచ్చేటప్పుడు చేతిలో ఏమైనా పట్టుకొచ్చాడా? ఈ ప్రశ్నలకి కొందరు ఆడవాళ్ళు నిజంగానే ఏడ్చేవారు. ఇల్లంతా ఒకసారి కలియజూసి, "దేవుడి చిత్తం" అని లేచి, ఇళ్ళ వెనక నుంచి నత్తలా ఒడ్డుకి వచ్చేవాడు. అప్పటికి అందరూ తిట్టి తిట్టి అలిసిపోయి ఉండేవారు.

తరవాతది దుప్పటి. మందార పువ్వులు వెలిసిపోయిన నీలం దుప్పటి ఒకటి ఆయన భుజాన ఎప్పుడూ ఉండేది. దాన్ని ఇంజన్ మీద కప్పి, మమ్మల్ని తలలు వంచుకోమనేవాడు. వంచుకునేవాళ్ళం. దుప్పటి కింద ఆయన చేతులు, మంచం కింద పిల్లి తిరిగినట్టు కాసేపు కదిలేవి. చివరికి కాలి నల్లబడ్డ ప్లగ్ ఒకటి పైకి తీసి, ఆకాశానికి చూపించి, "ఇదీ" అనేవాడు. దుప్పటి తీసేవాడు. తాడు లాగితే ఇంజన్ అందుకునేది.

మా నాయకుడి తరఫున సభల్లో మాట్లాడే పెద్దమనిషి మనాసా. ఆయన ఇంజన్ కూడా ఒకసారి ఇలాగే పోయింది. రాజుకోవడం, నాలుగు దగ్గులు దగ్గడం, ఆగిపోవడం. మామ పరామర్శించాడు, దుప్పటి కప్పాడు, ప్లగ్ చూపించాడు. ఆ సాయంత్రం యంగోనా గిన్నె చుట్టూ మనాసా ఆ ప్లగ్‌ని చేతుల మీదుగా తిప్పించి ఉపన్యాసం ఇచ్చాడు. తన ఇంజన్‌ది సామాన్యమైన చావు కాదట, పెద్ద పెద్ద ఇంజన్లకే వచ్చే జబ్బట. తెల్లటి పింగాణీ అంచున చిన్న పెచ్చు ఊడి ఉంటే, అది జబ్బు కొరికిన చోటని చూపించాడు. మేమంతా దాన్ని వేలితో తడిమి తలలూపాం.

ఇక్కడ మా ఊరి నోటి సంగతి ఒకటి చెప్పాలి. మాలో బావలు బావల్ని ఆటపట్టించడం సరదా కాదు, బాధ్యత. ఒక్క పొరపాటు దొరికితే అది పేరైపోతుంది, ఆ పేరు సమాధి దాకా వస్తుంది. మా చెల్లెలు తొరికా మొగుడు ఎరోని, పెద్ద దీవిలోని నావోసా కొండల నుంచి ఇల్లరికం వచ్చినవాడు. వచ్చిన కొత్తలో సముద్రం నిండుగా ఉన్నప్పుడు పడవని గుంజకి పొట్టి తాడుతో కట్టేసి, హాయిగా నిద్రపోయాడు. పొద్దున నీళ్ళు వెనక్కి పోయాయి. పడవ ముక్కు పైకెత్తుకుని గుంజకి వేలాడుతోంది, మెడకి తాడు బిగిసిన మేకలాగా. ఆ రోజు నుంచి ఆయన పేరు మేక. పొద్దున ఎదురైతే, ఏం బావా మేత దొరికిందా అని అడక్కుండా పోవడం మర్యాద కాదు. ఆ మర్యాద అందరికంటే నేనే ఎక్కువ పాటించాను.

మాలో అన్నాచెల్లెళ్ళు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోరు. అందుకని తొరికా తన మాట నా భార్య కెలేరా చేత చెప్పించింది. ఇంకో పేరు పడితే ఎరోని ఈ ఊళ్ళో ఉండడట. పెళ్ళాన్నీ పాపనీ తీసుకుని కొండలకి వెళ్ళిపోతాడట. వట్టి మాట కాదట, చాపలు కూడా చుట్టి పెట్టాడట.

సరిగ్గా అప్పుడే ఊరి పడవ నడిపే పని ఎరోనికి అప్పగించారు. మొదటి ప్రయాణం, పక్క దీవిలో చర్చి పాటల పోటీకి మమ్మల్ని చేర్చడం. తెల్లబట్టలు కట్టుకుని, మెడల్లో పూలదండలు వేసుకుని కొంగల్లా పడవలో సర్దుకున్నాం. ఎరోని తాడు లాగాడు. ఏమీ లేదు. మళ్ళీ లాగాడు. తాడు చక్కగా వస్తోంది, చక్కగా వెనక్కి పోతోంది, ఇంజన్‌లో మాత్రం ఎవరూ లేనట్టుంది.

పెట్రోలు ట్యాంకు చూశాడు, నిండుగా ఉంది. గొట్టం మధ్య ఉన్న రబ్బరు బుడ్డి నొక్కాడు, గట్టిపడేదాకా నొక్కాడు. చోక్ లాగాడు, తోశాడు. ప్లగ్గులు విప్పి, తన తెల్లచొక్కా అంచుతోనే తుడిచి, బిగించాడు. పెట్రోలు వాసన పూలదండల వాసనని తినేసింది. ఆడవాళ్ళు ఒక సలహా ఇచ్చారు, మగవాళ్ళు దానికి విరుగుడు సలహా ఇచ్చారు. పడవ కింద నీళ్ళు మాత్రం ఎవరి సలహా వినకుండా, నిద్రలో పక్కకి ఒత్తిగిలినట్టు, నెమ్మదిగా సముద్రంలోకి జరిగిపోతున్నాయి. ఇంకాస్త జరిగితే దిబ్బ మీద పగడాలు తేలతాయి, పడవ దాటదు, పోటీ లేదు.

ఎరోని ఆగాడు. తాడు చేతిలో పట్టుకుని మా వైపు కాదు, కొండలున్న దిక్కుకి చూశాడు. ఆ దిక్కున ఉన్నది సముద్రమే. అయినా ఆయనకి కొండలు కనిపిస్తున్నాయని నాకు తెలిసింది. పొగమంచూ, చేమదుంపల మళ్ళూ, ఆటుపోట్లు లేని నేలా.

"మేకకి ఈదడం రాదర్రా" అన్నాడు వెనక నుంచి ఎవరో. పడవంతా నవ్వింది. కొత్త పేరు నా నాలుక చివరికి వచ్చేసింది. మంచి పేరే. కెలేరా నా తొడ మీద గిల్లిన గిల్లుడికి అది లోపలికి పోయింది.

వెరెనికి మామ అప్పుడు వచ్చాడు, ఇళ్ళ వెనక నుంచి, మెల్లగా, నడుం దగ్గర చెయ్యి పెట్టుకుని. నీళ్ళలోకి దిగి, ఎరోని భుజం పట్టుకుని, టోపీ తీశాడు.

"పోయింది."

"నాకు తెలుసు మామా" అన్నాడు ఎరోని. ఆ మాట ఆయన ఇంజన్ గురించి అనలేదు.

"నువ్వు కాస్త అటు తిరుగు నాయనా. దగ్గరివాళ్ళు చూడకూడదు."

దుప్పటి పడింది. తలలు వంచాం. దుప్పటి కింద పిల్లి తిరిగింది. ఎక్కడో చిన్నగా, గుల్ల మూసుకున్నట్టు, టక్ మంది. మామ నల్లటి ప్లగ్ పైకెత్తి అందరికీ చూపించాడు.

"ఇదీ. ముసలి ప్లగ్. ఎవరి చేతిలో ఉన్నా పోయేదే. నడిసముద్రంలో పోకుండా ఒడ్డునే పోయిందంటే ఎరోని చేతి చలవ. లాగు నాయనా."

ఎరోని లాగాడు. ఇంజన్ అరిచింది. మేము అంతకంటే గట్టిగా అరిచాం. ఆ గోలలో, తోస్తే గానీ కదలని పడవని తోయడానికి, మామ ప్లగ్‌ని నా పక్కన బల్ల మీద పెట్టేశాడు. పగడాలని గీరీ గీరనట్టు పడవ దిబ్బ దాటింది. ఎరోని మొహం మీద ఉప్పునీళ్ళు చింది మెరుస్తున్నాయి. ఆయన తుడుచుకోలేదు.

దారిలో ఊరికే ఆ ప్లగ్ చేతిలోకి తీసుకున్నాను. వేలికి పింగాణీ అంచున పెచ్చు తగిలింది. మనాసా ఇంజన్‌ని జబ్బు కొరికిన చోటు. తిప్పి చూశాను. అసలు ఇది మేమెక్కిన పడవ ఇంజన్‌లో పట్టేదే కాదు, చిన్నది.

తలెత్తి ఇంజన్ వైపు చూశాను. ఇంజన్ ఆపే బొత్తం దగ్గర ఎర్రటి చుట్టల తాడు వేలాడుతోంది. దాని చివర క్లిప్పు బొత్తం కింద దూరితేనే ఇంజన్‌లో నిప్పు పుడుతుంది. ఎరోని ఇంజన్ తాడు లాగుతున్నంతసేపూ ఈ ఎర్ర తాడు అక్కడ లేదు. దానికి మసి పట్టి ఉంది, వంటింటి మసి. కొండల్లో తాళంచెవిని దాచినట్టు, ఎరోని దాన్ని రాత్రి ఇంటికి తీసుకెళ్ళి పొయ్యి పక్క గోడకి భద్రంగా తగిలించి, ఉదయం మరిచిపోయాడు. మామ వాళ్ళింటికి పరామర్శకి వెళ్ళి, నడుం దగ్గర దాచి తెచ్చాడు.

పోటీలో మేము ఓడిపోయాం. మా పాటకంటే పెట్రోలు వాసన ముందు వెళ్ళింది. ఆ సంగతి వదిలేయండి. తిరిగి వచ్చాక ఎరోని చుట్టిపెట్టిన చాపలు విప్పాడని కెలేరా చెప్పింది.

మర్నాడు వెరెనికి మామ మా ఇంటి ముందు కూర్చుని, మా కోడిపెట్ట వైపు ఆశ వదులుకున్నట్టు చూస్తున్నాడు. ప్లగ్ తీసి ఆయన ముందు పెట్టాను.

"నీ శవాన్ని మరిచిపోయావు మామా."

ఆయన కంగారు పడలేదు. దాన్ని నడుముకి చుట్టుకున్న సులూ అంచుతో తుడిచి, మొలలో దోపుకున్నాడు. "వీళ్ళ నోళ్ళు చూశావుగా అల్లుడూ" అన్నాడు. "పేరు పెడితే మనిషి మోయాలి. ఇనుముకి పెడితే ఏం పోయింది? అది మోస్తుంది."

నేను తలూపాను. ఊపుతుండగా గుర్తొచ్చింది. పోయినేడు నా ఇంజనూ పోయింది. దుప్పటి కప్పారు. తల వంచాను. ఆయన పైకెత్తి చూపించిన ప్లగ్ అంచున చిన్న పెచ్చు ఊడి ఉండడం, ఇప్పుడు, ఇంత ఆలస్యంగా, స్పష్టంగా కనిపించింది.

"మామా, నేనేం మరిచిపోయాను?"

వెరెనికి మామ టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

"పోయింది అల్లుడూ. నీ తప్పేం లేదు."

టీ పట్టుకొస్తున్న కెలేరా గుమ్మంలోనే ఆగి, మొహం అటు తిప్పుకుని, భుజాలు కదులుతుండగా లోపలికి వెళ్ళిపోయింది. ఆయన పరామర్శకని ముందుగా ఎవరి దగ్గరికి వెళ్తాడో అప్పుడు గానీ నాకు తట్టలేదు. మా దీవిలో పడవలున్న ప్రతి మగవాడి పెళ్ళానికీ ఒక్కో చావు వెనక అసలు సంగతి తెలుసు. ఒక్కతీ నోరు విప్పదు. కెలేరాని ఎన్ని రకాలుగా అడిగానో. ఆవిడ నా వైపు జాలిగా చూసి, తలకి చుట్టుకున్న గుడ్డ తీసి గుండెకి ఆనించుకుంటుంది.