తల దువ్వే మహేశ్వరి

హైదరాబాదు గౌలిపురలో మహేశ్వరికి, ఎదురింటి సుగుణమ్మకు మధ్య మాటలు ఆగిపోయి రెండేళ్ళు దాటింది. కారణం మోరీ. వాన పడితే మోరీ పొంగి నీళ్ళు సుగుణమ్మ గడప ముందు నిలిచేవి. మోరీకి అడ్డంగా మహేశ్వరి కట్టించిన మెట్టు వల్లనే అని సుగుణమ్మ అంది. మెట్టు లేనప్పుడు మాత్రం పొడిగా ఉండేదా అని మహేశ్వరి అంది. ఆ లొల్లి ముదిరి, ఒకే కూరగాయల బండి దగ్గర నిలబడినా ఇద్దరూ బండివాడితోనే మాట్లాడేవాళ్ళు.

మహేశ్వరి పత్తర్‌గట్టిలో ఒక చీరల దుకాణానికి ఇంట్లోనే ఫాల్ కుట్టి ఇస్తుంది. చేతులు ఆడితేనే ఆమెకు పొద్దు గడిచినట్టు. ఆ వానాకాలంలో డాబా మీది బట్టలు తడుస్తున్నాయని పరుగెత్తి, దిగేటప్పుడు మెట్ల మీద జారింది. కుడి మణికట్టు విరిగింది. ఎడమ చేతి వేళ్ళు బెణికి వాచిపోయాయి.

భర్త సీతారాం బేగంబజారులో గుమస్తా. పొద్దున్నే లేచి అన్నం వండాడు, మాడ్చాడు, మళ్ళీ వండాడు. ఇల్లు ఊడ్చి, ఆమెకు కలిపి తినిపించాడు. ఒక్క జడ దగ్గరే ఓడిపోయాడు. మహేశ్వరిది నడుం దిగే జుట్టు. అతను దువ్వెన నడినెత్తిన గుచ్చి కిందికి ఒక్క లాగు లాగాడు. ఆమె కేక గల్లీ చివరిదాకా వినబడింది.

"నాతోని కాదు," అని దువ్వెన పక్కన పెట్టాడు. "రేపు చూద్దాం."

ఆ రేపు రాలేదు. జుట్టు చిక్కులు పడింది, చెమటకు దురద పెట్టింది. గోక్కుందామంటే వేలు ఆడదు. సీతారాం దుకాణానికి వెళ్ళాక మహేశ్వరి గోడకు తల రుద్దుకుంటూ ఉండగా, తలుపు దగ్గర సుగుణమ్మ నిలబడి కనిపించింది. ఒక చేతిలో దువ్వెన, ఇంకో చేతిలో కొబ్బరినూనె సీసా.

"అటు మల్లు," అంది.

మహేశ్వరి తిరిగింది. సుగుణమ్మ వెనక పీట వేసుకుని కూర్చుంది. ముందు నూనె పట్టించింది. కొసల దగ్గర మొదలుపెట్టి, పాయ పాయగా విడదీస్తూ మెల్లగా పైకి వచ్చింది. ఎక్కడా లాగలేదు. మహేశ్వరికి కళ్ళనీళ్ళు ఆగలేదు. తుడుచుకునే వీలు లేదు. సుగుణమ్మే తన కొంగుతో తుడిచింది.

"అక్కా, గా మోరీ సంగతి..."

"నెత్తి కదపకు. జడ వంకర పోతది."

మోరీ గురించి వాళ్ళు మాట్లాడుకున్నది అంతే. కట్టు విప్పేదాకా ప్రతి పొద్దునా సుగుణమ్మ వచ్చింది.

కట్టు విప్పిన మర్నాడు మహేశ్వరి ఒక కొత్త చీర పట్టుకుని ఎదురింటికి వెళ్ళింది. సుగుణమ్మ దాన్ని ముట్టుకోలేదు.

"ఇదేంది? నేనేమన్న అడిగిన్నా?"

"ఊర్కెనే చేపిచ్చుకుంటే నాకు మనసున పడుతలేదక్కా. పోనీ, నీ నెత్తన్న దువ్వనియ్యి."

"నాకు చేతులున్నయి. నాది నేనే దువ్వుకుంట. చెయ్యాల్నని ఉంటే చేతులాడనోళ్ళకు చెయ్యి. ఇంత పట్నంల ఎవరు దొరకరా నీకు?"

మహేశ్వరి చీర తీసుకుని తిరిగి వచ్చింది గానీ ఆ మాట వెంటే వచ్చింది.

కొన్నాళ్ళకు ఇంకా కుట్టలేకపోయినా, పని పోకుండా చూసుకోవడానికి పత్తర్‌గట్టి దుకాణానికి వెళ్ళింది. దుకాణం చూసుకునే అమల ఫోనులో మంగలిని పిలుస్తోంది. పై అంతస్తులో ఉండే అత్తగారు విమలాదేవికి పక్షవాతం వచ్చి ఆర్నెల్లుగా మంచం మీదే ఉంది. జుట్టు జడలు కట్టిపోయింది.

"ఏం చెయ్యాలె మహేశ్వరీ? దుకాణం, పిల్లలు, ఆమె మందులు. దువ్వబోతే నొస్తదని అరుస్తది. తీసేపిస్తే పీడా పోతది," అంది అమల. ఆమె కళ్ళు నిద్ర లేక ఎర్రగా ఉన్నాయి.

"జర ఆగు అమలక్కా. నన్ను ఒకసారి చూడనియ్యి."

మహేశ్వరి పైకి వెళ్ళేసరికి విమలాదేవి మొహం గోడ వైపు తిప్పుకుంది. "జీతమెంత అడిగినవ్ మా కోడలిని?" అంది ముద్దముద్ద మాటలతో.

"జీతానికి రాలేదమ్మా."

"ఊర్కెనే ఎవరన్న చేస్తరా?"

"నాకు గిట్లనే ఒకామె చేసింది."

"మరి ఆమెకే చెయ్యరాదు?"

"చెయ్యనిస్తలేదు."

ముసలావిడ ఒక పక్కకే కదిలే నోటితో నవ్వింది. తల ఇటు తిప్పింది.

చాలా రోజులు పట్టింది. దిండుకు ఆనే వైపు జుట్టు చాపలా అల్లుకుపోయి ఉంది. మహేశ్వరి రోజూ పొద్దున వచ్చి నూనె పెట్టి, ఓపిక ఉన్నంత సేపు విడదీసేది. మొదట్లో తన మణికట్టే సలిపేది. పోనుపోను వేళ్ళు వంగసాగాయి. ఒకరోజు ఇంటికి వెళ్ళి సూదిలో దారం ఎక్కించబోయింది. ఎక్కింది. మర్నాడు ఆ సంగతి చెప్పి, విమలాదేవి చేతిని కళ్ళకు అద్దుకుంది.

"నాకు చెయ్యవస్తివా, నీ చెయ్యి బాగు చేసుకోవస్తివా?" అంది ఆవిడ.

"రెండూ అయినయమ్మా. నీ దయ."

చెవి వెనక ఒక్క ముద్ద మాత్రం ఎంతకూ రాలేదు. కత్తిరించక తప్పలేదు. మహేశ్వరి చిన్నబోయింది. "పోనీ తియ్యి. ఉన్నది అల్లు," అంది విమలాదేవి.

మహేశ్వరి తన అత్తగారికి తల దువ్విన సంగతి అమల దుకాణానికి వచ్చేవాళ్ళకు చెప్పింది. వాళ్ళలో ఇస్సాకు అనే అతను, తుంటి విరిగి చాంద్రాయణగుట్టలో మంచాన ఉన్న తన తల్లి కాశమ్మకు కూడా దువ్వుతావా అని అడిగాడు. మహేశ్వరి సరేనంది. వంట పొద్దుటిపూట సీతారాందే అయింది. ఇప్పుడతను అన్నం మాడ్చడం లేదు.

ఒకరోజు ఆమె పత్తర్‌గట్టిలో మెట్లెక్కి చూస్తే, అమల అత్తగారి వెనక కూర్చుని ఉంది. పళ్ళ మధ్య రిబ్బను పట్టుకుని, పాయలు తప్పు పడితే విప్పి మళ్ళీ అల్లుతోంది. ఇద్దరూ ఏదో చుట్టాలింటి పెళ్ళి గురించి తీరిగ్గా మాట్లాడుకుంటున్నారు.

"నీకు వేరే ఇండ్లు లేవా? పో," అంది విమలాదేవి మహేశ్వరిని చూసి. "చాయ్ తాగి పో."

మహేశ్వరి చాయ్ తాగింది. శాలిబండ దాకా నడిచి చాంద్రాయణగుట్ట బస్సెక్కింది. ఆమె వెళ్ళేసరికి కాశమ్మ తలకింద దిండు ఎత్తించుకుని, గిన్నెలో నూనె వెచ్చబెట్టించుకుని ఎదురుచూస్తోంది.