పౌడరు పూసే అవ్వ

ఆనేకల్‌లో మా పక్కింటి అవ్వ, పౌడరు పూయకుండా ఎవరినీ ఫోటోకు పోనిచ్చేది కాదు. నా ఆధార్ కార్డులో నేను దెయ్యంలా ఉండటంలో సగం పాపం ఆవిడదే, మిగతాది నా మొహానిది.

ఆవిడ మనవరాలికి కనురెప్ప మీద ఎర్రటి పుట్టుమచ్చ ఉండేది. అది పెరిగి చూపుకు అడ్డం రాకముందే వైద్యం చేయించాలన్నారు డాక్టరు. ఇన్సూరెన్స్ వాళ్లు ఫోటో అడిగితే, అవ్వ పిల్లకు పెళ్లికూతురికి పూసినంత పౌడరు పూసి, నాతో ఫోటో తీయించి పంపించింది. మచ్చ కనబడలేదు. "ఇది అందం కోసం చేయించుకునే వైద్యం, డబ్బు రాదు" అని జవాబొచ్చింది.

"నెలల పిల్లకి సోకేందప్పా?" అని అవ్వ నా మీద ఎగిరింది.

"సోకు పిల్లది కాదవ్వా, నీది" అన్నాను.

అవ్వ నవ్వలేదు. కొంగు తడిపి పిల్ల మొహం తుడిచి, "ఇంకో ఫోటో తియ్యప్పా, ఉండేదుండేట్ల" అంది. "నలుగురూ ఏమన్నా అంటారని దాచిపెడ్తి" అని మెల్లగా చెప్పింది. ఏడుపు సీను మొదలయ్యేలోపు పిల్ల నా ఫోను నాకింది.

కొత్త ఫోటో పంపిన వారం తర్వాత ఇన్సూరెన్స్ ఆయన ఫోను చేసి, వైద్యానికి ఒప్పుకున్నామన్నాడు.

"మా పిల్లకొక్కదానికైతే చాలదు. ఇట్లాంటి పిల్లోళ్లందరికీ ఇయ్యాలని చట్టం చెయ్యండి" అంది అవ్వ.

"అది నా చేతిలో లేదమ్మా."

"ఎవరి చేతిలో ఉండాదో ఆ యప్ప నంబరియ్యి."