ఆరె నదిలో రేపల్లె ఈత

యూరప్ వెళ్దామన్నది నేను. బెర్న్ వెళ్దామన్నది పద్మజ. ఈ రెండు మాటలకీ ఎంత తేడా ఉందో బయల్దేరేదాకా నాకు తెలియలేదు.

నాది తెనాలి. చాలా ఏళ్ళు ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పాను. గోడ పటం మీద కర్రతో పారిస్, రోమ్ చూపించీ చూపించీ విసుగెత్తి, నిరుడు ఉద్యోగం మానేశాక ఇక స్వయంగా వెళ్ళి చూడాల్సిందే అనుకున్నాను. పద్మజది రేపల్లె. బాపట్లలో డిగ్రీ కలిసి చదివాం. అప్పటి నుంచీ తిట్టుకుంటూనే ఉన్నాం కాబట్టి స్నేహం చెడలేదు. ఇద్దరికీ యాభై దాటింది. తోడు రమ్మంటే ఒక్కటే షరతు పెట్టింది.

"నీ టవర్లూ చర్చిలూ అన్నీ చూస్తా. బెర్న్‌లో మాత్రం నన్ను ఏట్లో దిగనివ్వాలి."

వేసవి వస్తే ఆ ఊరి జనం ఆరె నదిలో దిగి, నీటి వాలుకి తేలుతూ ఊళ్ళోకి చేరతారట. ఫోన్లో వీడియో చూసింది. పద్మజ చిన్నప్పుడు రోజూ కాలవలో ఈదేది. పెద్దమనిషి అయ్యాక వాళ్ళ నాయనమ్మ ఇక నీళ్ళలో దిగకూడదంది. అంతే, అక్కడితో సరి. తర్వాత ఎన్నిసార్లు సూర్యలంక సముద్రానికి వెళ్ళినా చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పాదాలు తడుపుకుని రావడమే. ఒకసారి వచ్చిన ఈత మర్చిపోరంటారు కదా, అది తన విషయంలో నిజమో కాదో తేల్చుకోవాలని దాని పట్టుదల.

"ఇక్కడే తేల్చుకోవచ్చుగా" అన్నాను.

"ఇక్కడ గట్టు మీద అందరూ మా అత్తగారి చుట్టాలేనే" అంది.

జూలైలో బయల్దేరాం. రేపల్లె బండిలో సికింద్రాబాద్, మర్నాడు శంషాబాద్ నుంచి దోహా మీదుగా పారిస్. వీపుకి తలా ఒక సంచి. నా సంచిలో సగం అటుకులూ కందిపొడీ. వెళ్ళేవాళ్ళు తప్పకుండా పట్టుకెళ్ళండి, అక్కడి పెరుగు డబ్బాతో కలిపితే మధ్యాహ్నం భోజనం గట్టెక్కుతుంది.

పారిస్ హాస్టల్లో గదికి ఆరు మంచాలు, ఆడా మగా కలిపే. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఒక పై మంచం మీద తెల్లగడ్డం పెద్దమనిషి బనీనుతో గుర్రుపెడుతున్నాడు. పద్మజ తాపీగా సంచి దించింది.

"స్లీపర్లో ఎప్పుడూ పడుకోలేదా ఏంటి నువ్వు? ఇదీ అంతే. కాకపోతే కదలదు."

దాంతో నా సిగ్గు సగం పోయింది. మిగతా సగం ఊరంతా నడిచేసరికి కాళ్ళ బొబ్బలతో పాటు పోయింది. టవర్ ఎక్కాం, మ్యూజియంలో దారి తప్పాం, వంతెన మీద కూర్చుని అటుకులు తిన్నాం. ఇన్నాళ్ళూ పటం మీద చుక్కగా చూపించిన ఊళ్ళో నిజంగా కూర్చున్నానని అప్పుడు ఒళ్ళు పులకరించింది.

నాలుగో రోజు ఉదయం ఏడు దాటాక రైలు. ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో బయల్దేరే ముందు దాకా బోర్డు మీద వేయరు. సంచులతో మెడలెత్తి నిలబడాల్సిందే. బాసెల్‌లో బండి మారి, మధ్యాహ్నానికి బెర్న్‌లో దిగాం.

దిగేసరికి వాన. నది బురదరంగులో ఉరుకుతోంది. హాస్టల్ కౌంటర్లో ఆవిడ మా వైపు చూసి, "ఇవాళ మేమే దిగం. రేపు కూడా కష్టమే" అంది. రెండు రోజులు గొడుగు కింద గడియార స్తంభమూ ఎలుగుబంట్ల తోటా చూశాం. పద్మజ ప్రతి గంటకీ వంతెన దగ్గరికి వెళ్ళి నీళ్ళు చూసి వచ్చేది. మూడో రోజు ఉదయం వెనిస్ రైలు. ముందు రోజు సాయంత్రానికీ వాన ఆగలేదు.

"నువ్వెళ్ళు. నేను నీళ్ళు తగ్గేదాకా ఉంటా" అంది.

"వాపసివ్వని టికెట్టే తల్లీ! అక్కడ గది కూడా తీసుకున్నాం."

"చిన్నప్పటి నుంచీ నాకు వాయిదాలేగా. ఇంకోటి నా వల్ల కాదు."

నాకు ఒళ్ళు మండింది. పద్ధతిగా వేసుకున్న ప్రయాణాన్ని ఒక స్నానం కోసం పాడుచేస్తావా అన్నాను. స్నానం అన్నందుకు అది మాట్లాడటం మానేసింది. పొద్దున్నే నేను సంచి తగిలించుకుని ఒక్కదాన్నే స్టేషన్‌కి వెళ్ళాను. కాఫీ తాగాను. బండి వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, ఎక్కబుద్ధి కాలేదు. వెనిస్‌లో అందం చూసి "చూడవే" అనడానికి పక్కన ఎవరుంటారు? వెనక్కి నడుస్తుంటే మబ్బు విడింది. ఎండ చూసి తిరిగి వచ్చానని దాంతో చెప్పాను. నమ్మినట్టు నటించింది. వెనిస్ టికెట్ నీళ్ళపాలైంది.

నది తేరుకోవడానికి ఇంకో రోజు పట్టింది. ఆ మర్నాడు పొద్దున పది గంటలకి ఒడ్డునే ఉన్న ఈతకొలనుకి వెళ్ళాం. ప్రవేశం ఉచితం. పద్మజ మోకాళ్ళ దాకా ఉన్న నల్లటి ఈతదుస్తులు వేసుకుని దిగి, గట్టు పట్టుకుని చాలాసేపు నిలబడింది. వదిలింది. మునిగింది. దగ్గుతూ లేచింది. మళ్ళీ వదిలింది. ఒక బార వేసింది, రెండోది వేసింది, మూడోది దానంతటదే వచ్చింది. కొలను ఆ చివరి దాకా వెళ్ళి వెనక్కి తిరిగి నావైపు చూసిన చూపుని ఫోటో తీయాలని కూడా నాకు తోచలేదు.

పక్కన ఈదుతున్న వెరెనా అనే ఆవిడ, ఆ ఊరి లైబ్రేరియన్, మా సంగతి విని, "నదిలోకి నాతో రండి" అంది. "ఒక్కటి గుర్తుంచుకోండి. మెట్ల దగ్గర పట్టుకుని ఎక్కడానికి ఎర్రటి కమ్మీలుంటాయి. అక్కడికి చేరకముందే ఒడ్డుకి జరగాలి."

"మా కాలవ రేవుల్లోనూ ఇంతేనండి" అంది పద్మజ. "రేవు కనపడ్డాక జరిగితే పక్క ఊళ్ళో తేలతాం."

అరగంట ఎగువకి నడిచి ఇద్దరూ దిగారు. "అమ్మో, చలి!" అని పద్మజ కేక వినపడేసరికే ప్రవాహం దాన్ని పట్టుకుపోయింది. ఈత రాని నేను సంచులన్నీ మోసుకుంటూ గట్టు మీద పరుగు. ఎంత ఉరికినా అందలేదు. మొదటి కమ్మీ దగ్గర వెరెనా పట్టుకుని ఎక్కింది. పద్మజ చెయ్యి చాపింది, ముందు ఎవరో ఎక్కుతున్నారు, చెయ్యి జారింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"పట్టుకోవే!" అని అరిచాను. బెర్న్ జనమంతా నావైపు తిరిగారు గానీ పద్మజ తిరగలేదు. ఎదురీదలేదు, కంగారుపడలేదు. పక్కకి ఒరిగి, ఏటవాలుగా బారలు వేసుకుంటూ ఒడ్డుకి జరిగి, రెండో కమ్మీ వచ్చేసరికి చేత్తో ఒడిసిపట్టుకుంది.

మెట్లెక్కి వచ్చి గడ్డి మీద కూలబడింది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. తువ్వాలు కప్పాను. "మర్చిపోలేదే" అని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. ఎంతో గర్వంగా అనిపించింది, నేనే ఈదినట్టు. కళ్ళు తుడుచుకుని, "ఇంకోసారి వెళ్ళొస్తా" అంది. సాయంత్రం దాకా వెళ్తూనే ఉంది, నేను సంచులు మోస్తూనే ఉన్నాను.

తర్వాత రోమ్ బాగుంది. ఎండ మన రెంటచింతల ఎండే. అక్కడ్నుంచి విమానం, సికింద్రాబాద్, మళ్ళీ రేపల్లె బండి. పొద్దున్నే గుంటూరులో ఒక పెద్దావిడ ఎక్కింది. భట్టిప్రోలు వెళ్ళాలట. మా సంచులు చూసి ఎక్కడి నుంచని అడిగింది. చెప్పాను.

"అంత దూరం పోయి ఏం చూశారేంటమ్మా?"

నేను టవర్ దగ్గర మొదలుపెట్టేలోపే పద్మజ అందుకుంది. "ఏట్లో ఈత కొట్టానండి."

"ఈతకి అంత దూరమెందుకమ్మా? మనకి కాలవ లేదా?"

"ఉందండి. దిగనివ్వలా."

పెద్దావిడ కిటికీ వైపు తిరిగింది. "నన్నూ అంతేనమ్మా" అంది. మళ్ళీ పద్మజ వైపు వంగి, గొంతు తగ్గించి అడిగింది. "నీళ్ళు చల్లగా ఉన్నాయా?"

తెనాలి వచ్చింది. నేను దిగి, వెళ్ళొస్తానని చెప్దామని కిటికీ దగ్గరికి వెళ్ళాను. పద్మజ నన్ను చూడలేదు. బార ఎలా వేసిందో చేతులు చాపి చూపిస్తోంది. ఎదురు సీట్లో పెద్దావిడ, "అట్టా కాదమ్మా, మేమిట్టా వేసేవాళ్ళం" అంటూ పైట సర్దుకుని తన చేతులు చాపింది.