కోల్డ్ స్టోరేజీలో ఏడ్చిన ఆల్బమ్

ఇప్పుడైతే ఎవడైనా స్నానాలగదిలో నాలుగు ముక్కలు పాడి ఫోన్లోంచి వదిలితే సాయంత్రానికల్లా కళాకారుడైపోతున్నాడు. ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, అలా కుదిరేది కాదు. పాడేవాడికి సొంత క్యాసెట్టు ఉండాలి, దానికి రెండు వైపులా నిండుగా పాటలుండాలి, అట్ట మీద వాడి మొహం ఉండాలి. (మొహాల సంగతి తర్వాత చెబుతాను.) మాది నలుగురు కుర్రాళ్ళ రాక్ బ్యాండు. డిగ్రీలు పూర్తిచేసి ఏం చెయ్యాలో తోచక నాలుగు వాయిద్యాలు పట్టుకున్నాం. గిటారు వాయించేవాణ్ణి పొడుగోడు అనేవాళ్ళం. డ్రమ్ములు వాయించేవాడు దరువుగాడు. బాస్ గిటారూ, కంప్యూటర్‌లో రికార్డింగూ చూసుకునేవాడు రోజుకి రెండు మాటలకి మించి మాట్లాడడు గనక మౌని. పాడేది నేను. బ్యాండు పేరు 'కల్లం'. మిరపకాయలు ఎండబోసే జాగా పేరు రాక్ బ్యాండుకేమిటని అందరూ నవ్వారు గానీ, పర్చూరు పక్క పల్లెలో పుట్టినవాడికి అంతకన్నా సొంతమైన మాట ఎక్కడ దొరుకుతుంది చెప్పండి?

మా పాటలన్నీ గుండె పిండేసే రకం. అంటే, పిండేస్తాయని మేం అనుకునేవాళ్ళం. మా నాన్న అభిప్రాయం వేరు. ఒకరోజు పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ నా సాధన కాసేపు విన్నాడు. "ఏరా, ఏడుపు పాటేనా అది? రేడియోలో మార్కెట్ ధరలు చెప్తున్నట్టుందే!" అన్నాడు. అంతటితో ఊరుకుంటే ఆయన మా నాన్న ఎందుకవుతాడు? "పాటంటే వినేవాడి కంట్లో నీళ్ళు తిరగాల. నీకు మన కొత్త మిరపకాయ కోల్డ్ స్టోరేజీకి చేరేదాకా టైమిస్తున్నా. ఈలోపు నా కంట్లో నీళ్ళు తెప్పించావా, నీ ఇష్టమొచ్చినట్టు పాడుకో. లేదంటే బుద్ధిగా మీ బాబాయి పురుగుమందుల కొట్లో కూర్చో." మా నాన్న కంట్లో నీళ్ళు! పంట మొత్తం వానకి తడిసిపోయిన ఏడాది కూడా కళ్ళు చెమర్చని మనిషాయన. ఇక నా బతుకు పురుగుమందుల డబ్బాల మధ్యే తెల్లారుతుందని ఖాయం చేసుకున్నాను.

పాటలు పదీ సిద్ధంగా ఉన్నాయి, స్టూడియో ఒక్కటే లేదు. అప్పుడు మావయ్య గుర్తొచ్చాడు. అమ్మకి సొంత తమ్ముడు, గుంటూరు శివార్లలో ఒక మిరపకాయల కోల్డ్ స్టోరేజీకి మేనేజరు. పాత సరుకు వెళ్ళిపోయి కొత్తకాయ రాకముందు కొన్నాళ్ళు అక్కడి గదులు ఖాళీగా ఉంటాయి. మూరెడు మందాన గోడలు, తలుపు వేస్తే బయట లారీ టైరు పేలినా వినపడదు. మావయ్య చాలా మంచివాడు, తాళం తీసి ఇచ్చి, "అల్లుడూ, మొదటి ట్రాక్టర్ హారన్ కొట్టిందంటే మాత్రం తట్టాబుట్టా సర్దుకోవాల. మా ఓనరు గారికి సంగీతం పడదు. ఇంకో మాట, మూతులకి తువ్వాళ్ళు కట్టుకోండిరా, అరల మీద దుమ్ముంటది" అన్నాడు.

తువ్వాళ్ళా! మాకా! ఆవేళ మా నలుగురికీ పొడుచుకొచ్చిన పౌరుషం ఇంతా అంతా కాదు. "మావయ్యా, ఉగ్గుగిన్నెతో గొడ్డుకారం తాగి పెరిగినోళ్ళం. మాకు మిరపకాయ ఘాటేంది?" అన్నాను. దరువుగాడైతే మావయ్య ఇచ్చిన తువ్వాలుతో డ్రమ్ములు తుడుచుకున్నాడు. మిరపకాయకి భయపడినట్టు ఊళ్ళో తెలిస్తే మళ్ళీ తలెత్తుకోగలమా? (మా జిల్లావాళ్ళకి ఈ జబ్బు ఉంది. కళ్ళల్లోంచీ ముక్కులోంచీ ధారలు కడుతున్నా "ఇదేం కారం, సప్పగా ఉంది" అంటాం.)

మొదటి పాట మెల్లగా మొదలైంది. గిటారు, నా గొంతు, అంతా ప్రశాంతం. అసలు కథ దరువుగాడు డ్రమ్ము మీద మొదటి దెబ్బ వేశాక మొదలైంది. పైన మూడంతస్తుల చెక్క అరలు, ఏళ్ళ తరబడి టిక్కీల్లోంచి, అంటే మిరపకాయల బస్తాల్లోంచి, రాలిన కారపు దుమ్ము వాటి నిండా పేరుకుపోయి ఉంది. వాడు దబదబా బాదుతుంటే అది సన్నగా, ఎర్రగా, మా నెత్తిన రాలడం మొదలుపెట్టింది. పాట ఎంత ఉధృతమైతే దుమ్ము అంత ఎక్కువ. పల్లవి దగ్గర ముక్కు మండింది, చరణానికి కళ్ళు కారాయి, మళ్ళీ పల్లవికొచ్చేసరికి నలుగురం బావురుమంటున్నాం. ఆపుదామని నాకుంది గానీ, ముందు ఆపినవాడు పరువు పోగొట్టుకున్నట్టే గనక ఎవడూ ఆపలేదు. ఏడుస్తూనే పాడాను, ఏడుస్తూనే వాయించారు. చివర్లో దరువుగాడికి బ్రహ్మాండమైన తుమ్ము వచ్చింది, అదీ సరిగ్గా తాళం మీదే పడింది.

అందరం బయటికి పరిగెత్తి, కుళాయి కింద మొహాలు కడుక్కుని, అంతా పాడైపోయిందనుకుంటూనే రికార్డయింది విన్నాం. నా గొంతులో ధరల పట్టిక మాయమైంది! మాట మాటకీ వణుకు, పల్లవి చివర జీర, ఏదో పోగొట్టుకున్నవాడి పాటలా ఉంది. పొడుగోడు నా భుజం మీద చరిచి, "ఒరేయ్, ఇన్నాళ్ళూ ఏడ ఉందిరా ఈ గొంతు?" అన్నాడు. మౌని నోరు తెరిచి, "అరలు తుడవొద్దు" అన్నాడు. ఆ రోజుకి వాడి రెండు మాటలూ అయిపోయాయి.

అలా తొమ్మిది పాటలు ఏడ్చాం. పదోది 'వాన రాకముందే', ఆల్బమ్ పేరూ అదే. అది మా నాన్న పాట. అకాల వర్షం వచ్చిన ఆ ఏడాది కల్లంలో కాయ మీద కప్పడానికి పట్టాలు చాలక, ఆయన తన దుప్పటీ, పైపంచా, చివరికి ఒంటి మీది చొక్కా కూడా తీసి కప్పాడు. "పట్టా చాలక పైబట్ట కప్పాడు, తడిసి నిలబడి తానే నవ్వాడు" అని రాసుకున్నాను. దాన్ని పాడుతున్నప్పుడు కారిన నీళ్ళలో కారానివి ఎన్నో, నావి ఎన్నో నేను చెప్పలేను. చివరి స్వరం ఇంకా గాలిలో ఉండగానే మావయ్య ధడాలున తలుపు తెరిచాడు, బయట మొదటి ట్రాక్టర్ పొడుగ్గా హారన్ కొట్టింది. అదీ రికార్డయిపోయింది. తీసేద్దామా అంటే అందరం ఒక్కసారే "వద్దు" అన్నాం. అక్కడే నిలబెట్టి మావయ్య మా ఫోటో తీశాడు. క్యాసెట్టు అట్ట మీద ఎర్రటి కళ్ళతో, ఉబ్బిన ముక్కులతో ఉన్న ఆ నాలుగు మొహాలు చూసి, ఎవరింట్లోనో ఏదో జరిగిందని చాలామంది నన్ను పరామర్శించారు.

తర్వాత జరిగింది ఇప్పటికీ తల్చుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది. సరుకు దించడానికొచ్చిన ట్రాక్టరు డ్రైవర్లకి మావయ్య తన ఆఫీసులో మా క్యాసెట్టు వినిపించాడు. ఒకాయన అడిగి పట్టుకెళ్ళాడు, ఆయన దగ్గర ఇంకొకాయన కాపీ చేయించుకున్నాడు. ఎండాకాలం వచ్చేసరికి గుంటూరు మిరపయార్డు ముందు బారులు తీరిన ట్రాక్టర్లలో మా పాట, చీరాల ఆటోల్లో మా పాట! వాడరేవు ఇసకలో వేదిక కట్టి మమ్మల్ని పిలిస్తే, నేను పల్లవి ఎత్తుకోకముందే జనం అందుకున్నారు. తుమ్ము రావాల్సిన చోట అందరూ కలిసి తుమ్మారు! అంత జనమూ ఒక్కసారి తుమ్మితే సముద్రం హోరు కూడా వినపడలేదు. ఆవేళ నేను భూమికి జానెడు ఎత్తున నడిచానంటే నమ్మండి.

అయినా అసలు పరీక్ష మిగిలే ఉంది, మా కాయ ఆఖరి బండి ఇంకా కోల్డ్ స్టోరేజీకి చేరలేదు. "ఊరు విన్నదిలే. నేనింకా వినలా" అన్నాడు నాన్న. మర్నాడు సాయంత్రం వసారాలో మంచం మీద కూర్చుని, టేప్‌రికార్డరు ముందు పెట్టించుకుని, చేతులు కట్టుకున్నాడు. ఒకవైపంతా కదలకుండా విన్నాడు. క్యాసెట్టు తిప్పేటప్పుడు నాకు పురుగుమందుల వాసన నిజంగానే తగిలినట్టయింది. రెండోవైపు చివరికి పదో పాట వచ్చింది. పైబట్ట కప్పిన మాట దగ్గర ఆయన తల వంచుకున్నాడు. హారన్ మోగి పాట ఆగిపోయాక కూడా తల ఎత్తలేదు. నేను వంగి చూస్తే కండువాతో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఏంది నాన్నా?" అన్నాను.

"ఏముంది? మీ అమ్మ తాలింపులో ఎండుమిరపకాయలు దండిగా వేసినట్టుంది. ఒకటే ఘాటు!" అన్నాడు విసుగ్గా.

ఆయన వెనకే గడప మీద కూర్చుని మల్లెపూలు కడుతున్న అమ్మ తల కూడా తిప్పలేదు. "తాలింపేందయ్యా? నేనింకా పొయ్యే వెలిగించలా" అంది.

నాన్న చెయ్యి చాపి, క్యాసెట్టు మళ్ళీ మొదటికి తిప్పాడు.

'కల్లం' ఇంకో ఆల్బమ్ కూడా చేసింది, మంచి ఏసీ స్టూడియోలో, దుమ్ము లేకుండా. అది ఎవరూ విన్నట్టు లేదు. ఇప్పుడు నేను బడిపిల్లలకి సంగీతం చెబుతున్నాను. ఎవరైనా ధరలు చదివినట్టు పాడితే నవ్వొస్తుంది గానీ ఏమీ అనను. మిరపయార్డు మీదుగా వెళ్ళేటప్పుడు మాత్రం బస్సులో అందరూ ముక్కులు మూసుకుంటుంటే, నేను కిటికీ అద్దం ఇంకాస్త కిందికి దించుతాను.